మాట్లాడే శక్తి మెదడులో ఒకే చోట ఉంటుందా?

లేదు, మాటకు మెదడులో ఒకే ఒక్క చోటంటూ లేదు. చాలామందిలో ఎడమ వైపున్న కొన్ని భాగాలు కలిసి ఆ పని చేస్తాయి. పలకడం వేరు, అర్థం చేసుకోవడం వేరు కాబట్టి ఒకటి పోయినా రెండోది చాలావరకు మిగలొచ్చు. 1861లో పారిస్ శివారులో పాల్ బ్రోకా అనే ఫ్రెంచ్ వైద్యుడు చూసిన రోగి ఏం అడిగినా "టాన్, టాన్" అనే అనేవాడు. పాపం, ఎదుటివాళ్ల మాటలు మాత్రం చాలావరకు అర్థమయ్యేవి, సైగలతో జవాబిచ్చేవాడు. చనిపోయాక చూస్తే మెదడు ఎడమ ముందు భాగం దెబ్బతిని ఉంది.

ఆ చోటుకు బ్రోకా ప్రాంతం అని పేరొచ్చింది, మాటలన్నీ అక్కడే పుడతాయన్న అపోహా స్థిరపడింది. భద్రపరిచిన అదే మెదడు ఎంఆర్ఐ స్కాన్లు 2007లో వెలువడ్డాయి: దెబ్బ బ్రోకా పైనుంచి చూసినదానికంటే చాలా లోతుకు, భాగాలను కలిపే నరాల తంతువుల దాకా పాకి ఉంది.