మడమ బర్సైటిస్ ఎక్స్‌రేలో తెలుస్తుందా?

మడమ వెనక వచ్చే బర్సైటిస్‌ను, అంటే బర్సా వాపును, ఎక్స్‌రే ఒక్కదానితో తేల్చలేం. బర్సా అంటే మడమ ఎముకకూ అకిలిస్ టెండన్‌కూ (పిక్క కండరాన్ని మడమకు కలిపే తాడులాంటి భాగం) మధ్య రాపిడి తగ్గించే పల్చటి ద్రవపు తిత్తి. ఎక్స్‌రేలో ఎముక తెల్లగా, స్పష్టంగా పడుతుంది గానీ ఇలాంటి మెత్తటి భాగాలు విడిగా కనబడవు. మహా అయితే పక్కనుంచి తీసిన ఫిల్ములో, టెండన్ ముందు నల్లగా ఉండాల్సిన కొవ్వు మూల మసకబారి వాపు ఉందేమోనన్న అనుమానం కలిగిస్తుంది.

మరి డాక్టర్ ఎక్స్‌రే ఎందుకు రాస్తారు? ఎముక సంగతి చూడటానికి. ఉదాహరణకు, మడమ వెనక పైభాగంలో ఎముక బొడిపెలా పెరిగి బిగుతు బూటుకు ఒరుసుకుంటుంటే అది ఇందులో తెలిసిపోతుంది. బర్సా వాపు చూడాలంటే అల్ట్రాసౌండ్ లేదా ఎమ్మారై. అసలు చాలాసార్లు వేళ్లతో నొక్కి చూస్తేనే డాక్టరుకు అర్థమవుతుంది.

‘ఎక్స్‌రే నార్మల్, కాబట్టి ఏమీ లేదు’ అనుకోవడమే అందరూ చేసే పొరపాటు. ఎముక బాగున్నా బర్సా వాచి ఉండొచ్చు.