ఇంటినిండా చుట్టాలు: వేసవి సందేహాలకు మా జవాబులు

ఉగాది ముందు నుంచీ వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే బాధ చెబుతున్నాయి: "రోజూ చక్కగా కుదిరేదే, చుట్టాలొచ్చిన రోజే చెడిపోయింది." నలుగురి కొలతను ఏడుతో హెచ్చవేస్తే 28 మంది వంట అయిపోదు. పెద్ద గిన్నెలో వేడి ఎక్కువసేపు నిలుస్తుంది, పిండి తొందరగా పులుస్తుంది, ఉప్పు అడుగున ఒకలా పైన ఒకలా ఉంటుంది. ఈ నెల జవాబులన్నీ ఆ సంగతి దృష్టిలో పెట్టుకుని ఇస్తున్నవే.

ఉగాదికి అన్నదమ్ముల కుటుంబాలూ ఆడపడుచులూ కలిపి 28 మందిమి అవుతాం. పోయినేడు పచ్చడి చేదెక్కి పిల్లలు ముట్టలేదు. బొబ్బట్లేమో పెనం మీదే చిరిగిపోయాయి. కొలతలు చెప్పగలరా? – ఒక పెద్దకోడలు, తణుకు

పచ్చడి మనిషికి 60 మిల్లీలీటర్ల చొప్పున లీటరున్నర పైచిలుకు ఉంటే సరిపోతుంది. 150 గ్రాముల కొత్త చింతపండు లీటరు నీళ్ళలో నానబెట్టి పిసికి వడకట్టండి. అందులో 400 గ్రాముల బెల్లం కరిగించి మళ్ళీ ఒకసారి వడకట్టండి. మధ్యరకం మామిడికాయలు రెండు సన్నగా తరిగి వేసి, రెండు చిన్న చెంచాల ఉప్పు, ఒక చెంచా మిరియాల పొడి కలపండి. వేపపువ్వు మూడు పెద్ద చెంచాలు మించొద్దు. పువ్వును అరచేతుల మధ్య నలిపి చేటలో చెరిగితే కాడలూ ఈనెలూ విడిపోతాయి, రేకలే వాడాలి. నైవేద్యానికి పది నిమిషాల ముందు కలపండి. తెల్లవారుజామునే కలిపేస్తే పదింటికి చేదంతా పులుసులోకి దిగిపోతుంది. మీకు జరిగింది అదే అయివుంటుంది. కళాయి లేని ఇత్తడి గిన్నెలో మాత్రం చింతపండు పులుసు ఉంచకండి, చిలుము దిగుతుంది.

బొబ్బట్లు తలకి రెండు చొప్పున 56 కావాలి. కిలో పచ్చిశనగపప్పు, కిలో బెల్లం, కిలో మైదా సరిపోతాయి. పప్పు వేళ్ళ మధ్య నలిగేలా ఉడకాలి గానీ ముద్ద కాకూడదు. ఉడికాక చిల్లుల గిన్నెలో వేసి అరగంట వదిలేయండి. ఆ కట్టుతో మధ్యాహ్నానికి చారు పెట్టుకోవచ్చు. కిలో పప్పు వార్చేటప్పుడు గిన్నె నడుమ నీరు నిలిచిపోతుంది. అది చూసుకోకపోతే బెల్లం కలిపాక పూర్ణం జారవుతుంది, ఒత్తేటప్పుడు పక్కలనుంచి వచ్చేస్తుంది. జారైందనిపిస్తే వెడల్పాటి బాణలిలో సన్నసెగ మీద, గరిటె నిలబెడితే నిలిచేదాకా తిప్పండి. పైపిండి పూరీ పిండికన్నా బాగా మెత్తగా కలిపి, నూనె పోసి రెండు గంటలు నాననివ్వాలి. అరగంటకే ఒత్తడం మొదలుపెడితే పిండి సాగదు, చిరుగుతుంది.

మా వీధి పందిట్లో శ్రీరామనవమికి పానకం, వడపప్పు మా ఇంటివంతు. నూరు మందికి ఎంత? – పాఠకుడు, ఖమ్మం

గ్లాసు 150 మిల్లీలీటర్ల లెక్కన 15 లీటర్ల నీళ్ళకు రెండున్నర నుంచి మూడు కిలోల బెల్లం, 40 గ్రాముల మిరియాలు, 15 గ్రాముల ఏలకులు, 15 గ్రాముల శొంఠి. మిరియాలు పొడి కొట్టొద్దు, కచ్చాపచ్చాగా దంచండి. పొడి అడుగుకు దిగి చివరి పదిమందికి గొంతు మండుతుంది. బెల్లంలో ఇసుక, చెరకు పిప్పి ఉంటాయి కాబట్టి ముందు మూడు లీటర్ల నీళ్ళలో కరిగించి గుడ్డతో వడకట్టాకే మిగతా నీళ్ళు పోయాలి.

వడపప్పుకు రెండు కిలోల పెసరపప్పు గంటన్నర నానితే చాలు. పందిట్లో వేడికి నీరు వార్చని పప్పు మధ్యాహ్నానికే జిగురెక్కి వాసనొస్తుంది. నీళ్ళు పూర్తిగా వార్చి తడిబట్ట కప్పి ఉంచండి. కొబ్బరి, మామిడి తురుము, ఉప్పు పంచే ముందే కలపాలి.

నలుగురు అక్కచెల్లెళ్ళం కలిసి ఏటా నూరు కాయలకు ఆవకాయ పెడతాం. పోయినేడు సగం జాడీకి బూజు పట్టింది, ముక్కా మెత్తబడింది. పైగా ఆవపిండి చేదు. తప్పు ఎక్కడ? హైదరాబాద్ నుంచి వచ్చే మా వదిన అల్లంవెల్లుల్లి వేయాలంటారు, అదీ చెప్పండి. – రాజమహేంద్రవరం నుంచి

మూడు తప్పులకూ మూడు వేరువేరు కారణాలున్నాయి. ముందు కాయ సంగతి.

ఏప్రిల్ రెండో సగానికి గానీ కాయలో టెంక గట్టిపడదు. చుట్టాల సెలవులు చూసుకుని ముందే పెట్టేస్తే ముక్క మెత్తబడటం ఖాయం. కొనేటప్పుడు ఒక కాయ కొట్టించి చూడండి: పెంకు కత్తికి టక్కుమని తగలాలి, కండ తెల్లగా, పుల్లగా ఉండాలి. పసుపు తిరిగిన దోరకాయ ఒక్కటి కూడా వేయొద్దు. గోదావరి జిల్లాల్లో కొత్తపల్లి కొబ్బరి, కృష్ణా వైపు చిన్నరసాలు, మిగతాచోట్ల పీచున్న నాటుకాయ, ఏదైనా పుల్లగా, గట్టిగా ఉంటే చాలు. కోసిన రోజో మర్నాడో పెట్టేయాలి. గంటకు మించి నీళ్ళలో ఉంచకండి, రాత్రంతా నానిన కాయ నీరు పట్టేస్తుంది.

కడిగి, తుడిచి, ఫ్యాను కింద ఆరాకే కత్తిపీట ఎక్కించండి. ముక్కకు పెంకు అంటుకుని ఉండాలి. జీడి, దానికింద కాగితంలాంటి పొర తీసేసి, ప్రతి ముక్కనూ పొడిగుడ్డతో తుడవాలి. నలుగురు కూర్చుంటే నూరు కాయల ముక్క తుడవడానికి రెండు గంటలు పడుతుంది. ఈ పని తొందరగా తేల్చేసిన ఇళ్ళలోనే బూజు పడుతుంది.

ఇక కొలత. కాయల లెక్క, గిద్దెల లెక్క వదిలేసి ముక్కలు తూచండి. ఇంట్లో కళ్ళుప్పు దంచినప్పటి గిన్నె కొలతా, ప్యాకెట్టు మెత్తటి ఉప్పు గిన్నె కొలతా ఒకటి కావు. సగం ఇళ్ళలో ఉప్పు తేడా వచ్చేది ఇక్కడే. 300 గ్రాముల కాయలు నూరైతే ముక్కలు 23 కిలోలకు అటూ ఇటూ వస్తాయి. ప్రతి 10 కిలోల ముక్కలకు కారం 2 కిలోలు, ఆవపిండి 2 కిలోలు, ఎండబెట్టి దంచిన కళ్ళుప్పు 1 కిలో 900 గ్రాములు, మెంతులు 100 గ్రాములు, శనగలు పావుకిలో, నువ్వులనూనె 4 లీటర్లు. కారం సగం ఘాటుకి గుంటూరు రకం, సగం రంగుకి చపాటా గానీ బ్యాడిగ గానీ వేస్తే బాగుంటుంది.

ఆవాలు ఒకరోజు ఎండలో పెట్టి, పూర్తిగా చల్లారాక దంచాలి. వేడిగా ఉన్నవి మరలో వేస్తే, లేదా మర వేడెక్కేదాకా ఆపకుండా తిప్పితే పిండి చేదవుతుంది. మీది ఇదే. మిక్సీ అయితే పావుకిలో చొప్పున, మధ్యలో ఐదేసి నిమిషాలు ఆపుతూ ఆడండి.

23 కిలోలూ ఒకేసారి బేసిన్లో కలపకండి. చేయి అడుగుదాకా అందదు, అడుగు ముక్కలకు ఉప్పు పట్టదు. నాలుగేసి కిలోలు తీసుకుని, ముక్కలను ముందు నూనెలో ముంచి, తర్వాత కారం కలిపిన పిండిలో పొర్లించి జాడీలో వేస్తూ రండి. మొదటిరోజు నూనెలో సగమే పడాలి. జాడీ మూతికి గుడ్డతో వాసెన కట్టి మూడోరోజు తీయండి. ముక్కల ఊట పైకి వచ్చి ఉంటుంది. అడుగునుంచి తిరగకలిపి రుచి చూస్తే ఉప్పు కాస్త ఎక్కువే అనిపించాలి. సరిగ్గా ఉందనిపిస్తే తగ్గినట్టే, ఎందుకంటే ముక్క ఇంకా ఉప్పు పీల్చుకుంటుంది. అప్పుడు మిగతా నూనె పోసి, ముక్కలమీద వేలెడు నూనె తేలేలా అదమండి. నూనెకు పైన తేలిన ముక్కకే మొదట బూజు పడుతుంది. ఇంటినిండా జనం ఉన్నప్పుడు పెద్దజాడీ మూత రోజుకి పదిసార్లు తీయకుండా, వారానికి సరిపడా చిన్నజాడీలోకి తీసుకుని అదే వాడుకోండి. బూజు పట్టిన జాడీలో పైపొర తీసి కింది దాన్ని తినడం మాత్రం మంచిది కాదు, ఎంత బాధైనా పారేయాల్సిందే.

మీ వదినగారి మాట కూడా నిజమే, తెలంగాణలో అలా పెట్టే ఇళ్ళు చాలా. ఐదు కిలోల ముక్కలు వేరే జాడీకి తీసి, 300 గ్రాముల వెల్లుల్లి, 200 గ్రాముల అల్లం నీళ్ళు తగలకుండా నూరి, జీలకర్ర పొడి, మెంతిపొడితో కలపండి. నూనెలో పోపు పెట్టి, అది పూర్తిగా చల్లారాకే పోయాలి. అల్లంలో తడి ఎక్కువ కాబట్టి కడిగి ఒకపూట ఆరబెట్టాలి. ఈ జాడీ ముందు ఖర్చు పెట్టుకోండి.

గుమ్మడివడియాలు పెడితే పైకి ఎండినట్టే ఉండి లోపల ఎర్రబడ్డాయి. పిల్లలు సాయం చేస్తామంటున్నారు, వాళ్ళకేం అప్పజెప్పాలి? – నూజివీడు

మీరు లావుగా పెట్టి ఉంటారు. పెద్దవాటిలో పై పెచ్చు ఎండి, తడి లోపలే ఉండిపోతుంది. వడియం ఉసిరికాయంతే ఉండాలి. నాలుగు కిలోల బూడిదగుమ్మడికాయకు అరకిలో మినప్పప్పు. ముందురోజు సాయంత్రం గింజలు తీసి సన్నగా తరిగి, ఉప్పు పసుపు కలిపి, గుడ్డలో మూటకట్టి పైన తిరగలి రాయి పెట్టండి. తెల్లారేసరికి నీరంతా కారిపోవాలి. పప్పు గారెల పిండికన్నా గట్టిగా, నీళ్ళు పోయకుండా రుబ్బాలి. కావాలంటే ఆ గుమ్మడినీళ్ళే చిలకరించుకోండి. 150 గ్రాముల పచ్చిమిర్చి ముద్ద, అల్లం, జీలకర్ర కలిపి, ఏడింటికల్లా డాబామీద పెట్టేస్తే మొదటి ఎండంతా పడుతుంది. సాయంత్రం మంచుకు ముందే లోపలికి తేవాలి. రెండోరోజు తిరగేసి, నాలుగురోజులు ఎండనివ్వాలి. గలగలమనే దాకా డబ్బాలో పోయొద్దు. మొదటిరోజే మబ్బు పట్టిందా, ఆ పిండిని ఆశపడి దాచకండి, ఆ పూటే వడల్లా వేయించేయండి.

పిల్లలకు సగ్గుబియ్యం వడియాలు ఇవ్వండి. గ్లాసు సగ్గుబియ్యానికి ఆరు గ్లాసుల నీళ్ళు పోసి గింజ అద్దంలా అయ్యేదాకా పెద్దవాళ్ళు ఉడికించి చల్లార్చి ఇస్తే, చెంచాతో పెట్టేస్తారు. గుడ్డమీద పెడితే, తీసేటప్పుడు వెనకవైపు నీళ్ళు చిలకరిస్తే ఊడొస్తాయి.

వారం రోజులు 16 మంది పెద్దలు, 8 మంది పిల్లలు. ఇడ్లీపిండి పులిసిపోతోంది, పెరుగు పులిసిపోతోంది, అన్నం మిగిలిపోతోంది. – గృహిణి, సిద్దిపేట

పిండి: కిలో మినప్పప్పు, రెండు కిలోల ఇడ్లీరవ్వ వేస్తే నూటికి పైగా ఇడ్లీలు వస్తాయి. చలికాలంలో ఉప్పు పొద్దున వేస్తాం, ఎండాకాలంలో రాత్రే వేయాలి. ఉప్పు పులుపును కాస్త అదుపు చేస్తుంది. చల్లటి నీళ్ళతో రుబ్బి, రెండు గిన్నెల్లో సగం సగమే పోసి, నీళ్ళు పోసిన వెడల్పు బేసిన్లో నిలబెట్టండి. రాత్రి తొమ్మిదికి రుబ్బితే తెల్లవారి ఐదింటికి సిద్ధం. ఒకరోజు మార్చి ఒకరోజు పెసరట్టు పెట్టుకుంటే పులిసే గొడవే ఉండదు.

పెరుగు పూటకి మూడున్నర లీటర్లు పడుతుంది. రెండు పూటలకీ ఒకేసారి తోడేయడమే పొరపాటు. మధ్యాహ్నానిది రాత్రి పది గంటలకు, రాత్రిది మధ్యాహ్నం రెండింటికి వేయండి. పాలు బాగా ఆరాక లీటరుకు ఒక చిన్న చెంచా తోడు చాలు.

అన్నానికి పెద్దలకు 125 గ్రాములు, పిల్లలకు 75 గ్రాముల లెక్కన పూటకి 2 కిలోల 600 గ్రాముల బియ్యం. ముందు రెండు కిలోలే ఎసట్లో పోయండి. మొదటి పంక్తి లేచేటప్పుడు చూసుకుని మిగతాది పెట్టొచ్చు. కందిపప్పు 700 గ్రాములు. సాంబారు, పులుసుల్లో కారం మాత్రం నలుగురి కొలతకు ఆరింతలు కాకుండా నాలుగున్నర ఇంతలతో ఆపి రుచి చూడండి, పెద్ద గిన్నెలో నీరు అంతగా ఇగరదు. మిగిలిన అన్నం గిన్నెలో ముద్దగా వదిలేయకుండా పళ్ళెంలో ఆరబెట్టి, గోరువెచ్చని పాలు పోసి తోడేస్తే పొద్దున్న తోడన్నం. ఉల్లిపాయ, కొత్తావకాయ పక్కన పెడితే పిల్లలు ఇడ్లీ అడగరు.

పిల్లలంతా డాబామీద పడుకుంటామంటారు, పగలంతా ఎండలోనే ఆట. ఏం జాగ్రత్తలు? – కర్నూలు

శ్లాబు పగలు పట్టిన వేడిని రాత్రి వదులుతుంది. సాయంత్రం ఐదున్నరకు ఒకసారి, ఏడింటికి ఒకసారి నీళ్ళు చల్లి, తొమ్మిది దాటాక పక్కలు వేయండి. దోమతెర కట్టాలి. పదకొండు నుంచి నాలుగు దాకా ఆటలు నీడలోనే. వాంతులు, విరేచనాలు అయితే లీటరు కాచి చల్లార్చిన నీటిలో తలగొట్టిన ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి కొంచెం కొంచెంగా పట్టండి. ఒళ్ళు కాలిపోతూ మాట తడబడితే, మగతగా ఉంటే వడదెబ్బే. వెంటనే 108కి ఫోను చేసి, నీడకు చేర్చి, తడిబట్టలతో ఒళ్ళంతా తుడుస్తూ విసరండి. స్పృహలేని పిల్లవాడి నోట్లో నీళ్ళు పోయకూడదు.

చెరువు, కాలవ, బావి దగ్గరకు పిల్లలను పంపేటప్పుడు "అందరూ చూస్తున్నారులే" అనుకోవద్దు. అందరూ చూడటమంటే ఎవరూ చూడకపోవడమే. ఒక పెద్దమనిషికి పేరు పెట్టి అప్పజెప్పండి.

బెంగళూరు నుంచి పదిమందిమి ఊరికి రావాలి, తిరిగెళ్ళేటప్పుడు ఆవకాయ తేవాలి. – బెంగళూరు

2024 నవంబరు 1 నుంచి రైలు రిజర్వేషన్ ప్రయాణానికి 60 రోజుల ముందే తెరుచుకుంటోంది, పొద్దున ఎనిమిదింటికి. మునుపటిలా 120 రోజులు కాదు. ఒక టికెట్టు మీద ఆరుగురికే, కాబట్టి ఇద్దరు వేర్వేరు ఫోన్లతో కూర్చోండి. తత్కాల్ అయితే టికెట్టుకు నలుగురే. అది రైలు బయలుదేరే ముందురోజు ఏసీకి పదింటికి, స్లీపరుకు పదకొండింటికి మొదలవుతుంది. ఊళ్ళో చుట్టాలిళ్ళకు తిరిగేటప్పుడు ఆడవాళ్ళకు ఆర్టీసీలో ఉచిత ప్రయాణం ఏ రాష్ట్రంలో ఉండేవాళ్ళకు ఆ రాష్ట్రంలోనే. మీ ఆధార్ బెంగళూరుదైతే టికెట్టు కొనాల్సిందే.

ఆవకాయ తిరగకలిపిన మూడోరోజే కట్టేయకండి, ఊట ఇంకా వస్తూ ఉంటుంది. పదిరోజులు ఆగితే మంచిది. సీసా ముప్పావు వంతే నింపి, మూతకింద మందపాటి కవరు పరిచి బిగించి, పైన టేపు చుట్టి, రెండు కవర్లలో నిలువుగా పెట్టండి. పైన తేలాల్సిన నూనె వేరే చిన్న సీసాలో తీసుకెళ్ళి, ఇల్లు చేరాక పోసుకోండి.