పై దవడ వెడల్పు ఆపరేషన్ తర్వాత ఎముక కట్టిందో లేదో లాలాజలం పరీక్షతో తెలుస్తుందా?

మీ తమ్ముడికి పై దవడ వెడల్పు చేసే ఆపరేషన్ అయింది, దవడను విడదీయడానికి అంగిలికి బిగించిన స్క్రూ తిప్పడం కూడా పూర్తయింది, ఇప్పుడు స్కాన్ బదులు లాలాజలం పరీక్ష చేయిస్తే సరిపోతుందా అని అడిగారు. నాకూ పెద్దయ్యాక ఇదే ఆపరేషన్ జరిగిందండి. ఆ సమయంలో ఎండీఎస్ (దంతవైద్యంలో పీజీ) చదివే ఒకమ్మాయి థీసిస్ కోసం లాలాజలం శాంపిల్స్ కూడా ఇచ్చాను. సూటిగా చెప్తాను: ఆ పరీక్ష ఇంకా పరిశోధన దశలోనే ఉంది. దాన్ని నమ్ముకుని స్క్రూ తీయించొద్దు.

చిన్నపిల్లలకైతే అంగిలి మధ్య అతుకు లేతగా ఉంటుంది, స్క్రూ ఒక్కటే చాలు. టీనేజీ దాటాక అది బిగుసుకుపోతుంది కాబట్టి సర్జన్ ఎముకను కోసి వదులు చేస్తారు. దాదాపు వారం ఆగి కీ తిప్పడం మొదలుపెడతారు, సాధారణంగా ఒక తిప్పుకి పావు మిల్లీమీటరు. మా ఇంట్లో అక్క తిప్పేది. నేను వెల్లకిలా పడుకుని నోరు తెరిస్తే, ఫోన్ టార్చి వేసి, సన్నటి తీగను స్క్రూ రంధ్రంలో పెట్టి గొంతు వైపుకి నెట్టేది. ముక్కు మొదట్లో ఎవరో నొక్కుతున్నట్టు బిగింపు, కళ్లలో నీళ్లు. కొద్దిరోజులకే ముందు పళ్ల మధ్య సందు వచ్చింది. ఎముక విడిపోతోందనడానికి గుర్తు అదే.

అలా తెరుచుకున్న ఖాళీలో ముందు రక్తం గడ్డకడుతుంది, తర్వాత మెత్తటి కణజాలం, ఆ తర్వాతే ఎముక. ఎముక కట్టే కణాలు జోరుగా పనిచేస్తుంటే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ పెరుగుతుంది. ఖనిజం చేరే దశలో ఆస్టియోకాల్సిన్ అనే ప్రోటీన్ వస్తుంది. మొదట్లో వాపు వల్ల ఇంటర్‌ల్యూకిన్లు అనే వాపు సంకేత ప్రోటీన్లు ఎక్కువగా ఉంటాయి. వీటిని లాలాజలంలోనే కొలవగలిగితే సూది ఉండదు, రేడియేషన్ ఉండదు. పైగా ఎక్స్‌రేలో ఎముక తెల్లగా కనిపించాలంటే తగినంత ఖనిజం చేరాలి, లాలాజలం అంతకంటే ముందే కబురు చెప్పొచ్చు. పరిశోధకుల ఆశ అది, మంచి ఆశే.

చిక్కేమిటంటే అదే ఫాస్ఫటేజ్ చిగుళ్లు వాచినా పెరుగుతుంది. తెల్లరక్తకణాల నుంచీ, నోట్లోని బ్యాక్టీరియా నుంచీ కూడా వస్తుంది. స్క్రూ కింద మెతుకులు ఇరుక్కునే రోజుల్లో చిగుళ్లు వాయకుండా ఉండటం కష్టం. శాంపిల్ ఇవ్వడమూ తేలిక కాదు. ఏమీ తినకుండా వెళ్లి, తల వంచి, మింగకుండా, ఊరినదాన్ని గొట్టంలోకి జారనివ్వాలి, కాండ్రించి ఉమ్మకూడదు. ఒకసారి నాది లేత గులాబీ రంగులో వచ్చింది. ఆ అమ్మాయి వెలుతురుకి పెట్టి చూసి పక్కన పెట్టేసింది. రక్తం కలిస్తే రక్తంలోని ఫాస్ఫటేజ్ కూడా లెక్కలో చేరుతుంది, అది ఎముకదో లివర్‌దో మామూలు పరీక్ష విడదీయలేదు. లాలాజలం ఊరే వేగం కూడా పొద్దునకీ సాయంత్రానికీ మారుతుంది. ఇంత ఉంటే ఎముక కట్టినట్టే అని అందరూ ఒప్పుకున్న అంకె ఇప్పటికీ లేదు. డబ్బు తీసుకుని ఏ ల్యాబ్ అయినా చేసిపెట్టినా, ఆ రిపోర్టు చూసి మీ ఆర్థోడాంటిస్ట్ (పళ్ల వరస సరిచేసే డాక్టర్) తేల్చగలిగేది ఏమీ ఉండదు.

కాబట్టి స్కాన్‌కి వెళ్లండి. రేడియేషన్ భయముంటే సీబీసీటీ (దవడల 3డీ ఎక్స్‌రే స్కాన్) అవసరమైన భాగానికే తీయగలరేమో అడగండి. స్క్రూని మామూలుగా మూడు నుంచి ఆరు నెలలు కదపకుండా ఉంచుతారు. తొందరపడి తీసేస్తే దవడ మళ్లీ ఇరుకయ్యే ప్రమాదముంది. ఈలోగా ముందు పళ్ల సందు దానంతటదే మూసుకోవచ్చు. చిగుళ్లలోని నారలు పళ్లను దగ్గరికి లాగుతాయి కాబట్టి అలా జరుగుతుంది, ఎముక వెనక్కి వచ్చేసిందని టెన్షన్ పడకండి.

తిన్న ప్రతిసారీ సూది లేని సిరంజితో గోరువెచ్చని ఉప్పునీళ్లు స్క్రూ కింద కొట్టమనండి, నాకు బ్రష్ కంటే అదే ఎక్కువ పనికొచ్చింది. సిగరెట్ అలవాటుంటే మాన్పించండి, షుగర్ ఉంటే అదుపులో ఉంచాలి, రెండూ ఎముక కట్టడాన్ని ఆలస్యం చేస్తాయి. స్క్రూ వదులైనా, చీము గానీ దుర్వాసన గానీ వచ్చినా, ఏదైనా పన్ను నల్లబడుతున్నా, జ్వరం వచ్చినా వచ్చే అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా అదే రోజు సర్జన్‌కి ఫోన్ చేయండి.