ఎన్నారై సందేహాలు: లండన్‌లో గేటు లేని టోలు

ప్రశ్న: మాది నరసన్నపేట. మా అబ్బాయి నిరుడు మాస్టర్స్ చదవడానికి లండన్ వెళ్లాడు. ఈస్ట్ హామ్‌లో రూమ్. తోటి కుర్రాళ్లతో కలిసి ఒక పాత డీజిల్ కారు కొన్నారు. బండి మావాడి పేరు మీదే ఉంది. ఇప్పుడు రెండు కాగితాలు వచ్చాయట, ఒక్కోటి 180 పౌండ్లు. 'ఎక్కడా టోల్ గేటే లేదు నాన్నా, ఎవరూ ఆపలేదు' అంటున్నాడు. ఇది మోసమా? నిజమైతే కట్టాలా? ఈ కారు అమ్మేసి ఇంకోటి కొనుక్కుంటాను, డబ్బు పంపు అంటున్నాడు. పంపమంటారా?

జవాబు: మాస్టారూ, ముందు ఆ కాగితాల మీద తేదీ చూడమనండి. మిగతావన్నీ తర్వాత. రోడ్డు రుసుం కట్టనందుకు వచ్చే ఇలాంటి నోటీసు 14 రోజుల్లోపు కడితే సగంతో, అంటే 90 పౌండ్లతో పోతుంది. 28 రోజులు దాటితే 270 అవుతుంది. ఇంకా నానిస్తే కోర్టులో నమోదై, బాకీ వసూలు చేసేవాళ్లు వచ్చి కారు చక్రానికి తాళం వేసే దాకా వెళ్తుంది. 180 పౌండ్లంటేనే మన డబ్బులో 20 వేల పైమాట. రెండింటికీ కలిపి 180తో బయటపడతాడా, 540 కడతాడా అన్నది ఆ తేదీ మీదే ఉంది.

మోసమా అని అడిగారు. పోస్టులో ఇంటికి వచ్చి, దాని మీద కారు నంబరు, ఫోటో, తేదీ, టైము, రోడ్డు పేరు ఉంటే నిజమైనదే అయ్యుంటుంది. అదే ఫోన్‌కి మెసేజ్‌లో లింకు వస్తే ముట్టుకోవద్దనండి. ఏది వచ్చినా చేయాల్సిన పని ఒకటే: అక్కడి రవాణా సంస్థ ట్రాన్స్‌పోర్ట్ ఫర్ లండన్ వెబ్‌సైట్ అడ్రసు తనే టైప్ చేసి, నోటీసు నంబరు, కారు నంబరు కొట్టి చూసుకోవాలి. నిజమైతే అక్కడే కనిపిస్తుంది. గూగుల్‌లో వెతికితే పైన కొన్ని సైట్లు వస్తాయి. అచ్చం సర్కారీ సైట్‌లా ఉంటాయి, అసలు రుసుం మీద తమ కమీషన్ కలుపుకుంటాయి. వాటి జోలికి పోవద్దు.

ఆ తేదీకి ముందే కారు అమ్మేసి ఉన్నా, దొంగలు ఎత్తుకుపోయినా, రుసుం కట్టేసి ఉన్నా ఆధారాలు పెట్టి అభ్యంతరం రాయొచ్చు. వాళ్లు కాదంటే ఆపైన విడిగా విచారించే ట్రిబ్యునల్ ఉంది. కానీ కట్టేశాక ఇక రాయడానికి ఉండదు. 'నాకు తెలియదు' అన్న మాట మాత్రం ఎక్కడా చెల్లదు.

మన జిల్లాల నుంచి వచ్చే పిల్లలు దాదాపు అందరూ తడబడేది ఇక్కడే. మనకి టోలంటే మడపాం దగ్గరో, నాతవలస దగ్గరో బండికి అడ్డంగా కర్ర దిగాలి. ఫాస్టాగ్‌లో డబ్బు లేకపోతే కర్ర లేవదు, మనిషి వచ్చి అడుగుతాడు, వెనక బండ్లు హారన్ కొడతాయి. కట్టకుండా దాటే వీలే లేదు. లండన్‌లో ఎవరూ ఆపరు. నగరం మధ్యలోకి వెళ్తుంటే రోడ్డు పక్కన బోర్డు మీదా, తారు మీదా ఎర్రటి గుండ్రంలో తెల్లటి 'సి' అక్షరం కనిపిస్తుంది, అంతే. కెమెరా నంబర్ ప్లేటు చదివేస్తుంది. ఫోన్‌లోనో ఆన్‌లైన్‌లోనో వెళ్లి కట్టాల్సింది మీరే. కట్టమని ఎవరూ గుర్తుచేయరు, కట్టకపోతే కొన్నాళ్లకి పోస్టులో కాగితం వస్తుంది. ఈలోగా అదే రోడ్డు మీద ఇంకో నాలుగుసార్లు తిరిగేసి ఉంటారు.

పైగా ఇక్కడ రుసుములు రెండు, వేటి లెక్క వాటిదే.

మొదటిది రద్దీ రుసుం, కంజెషన్ ఛార్జ్. నగరం నడిమధ్య ఉన్న చిన్న ప్రాంతానికే ఇది వర్తిస్తుంది, సుమారు 21 చదరపు కిలోమీటర్లు. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉదయం 7 నుంచి సాయంత్రం 6 వరకు, శని ఆదివారాల్లోనూ బ్యాంకు సెలవుల్లోనూ (అక్కడి పబ్లిక్ సెలవులు) మధ్యాహ్నం 12 నుంచి 6 వరకు. 2026 జనవరి నుంచి రోజుకి 18 పౌండ్లు. ఆ రోజు అర్ధరాత్రిలోపు కట్టాలి. మర్చిపోతే తర్వాతి మూడు రోజుల్లో 21 కట్టొచ్చు. అదీ దాటితే నోటీసే. ఒకసారి కడితే ఆ రోజంతా ఎన్నిసార్లు తిరిగినా అదే. క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం సెలవు దాకా ఇది ఉండదు.

రెండోది పొగ రుసుం, ఊలెజ్ అంటారు. మీవాడికి తగిలింది ఇదే అని నా అనుమానం. 2019లో నగరం మధ్యలో మొదలుపెట్టి, 2023 ఆగస్టు 29 నుంచి లండన్ మొత్తానికీ పెట్టేశారు. ఈస్ట్ హామ్, హౌన్స్‌లో, హీత్రూ ఎయిర్‌పోర్టు, అన్నీ అందులోనే. పాత బండ్లకి రోజుకి 12.50 పౌండ్లు. పెట్రోలు కారైతే సాధారణంగా 2006 తర్వాతది, డీజిలైతే 2015 సెప్టెంబరు తర్వాతది అయితే కట్టక్కర్లేదు. చవగ్గా దొరుకుతున్న డీజిల్ కారు ఎందుకంత చవకో ఇప్పుడు అర్థమవుతుంది కదా. ఆ కారుతో వీధి చివర కొట్టుకి వెళ్లి పాలు తెచ్చుకున్నా 12.50 కట్టాలి. రోజు లెక్క అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రికి. శనివారం రాత్రి 11 గంటలకి ఈస్ట్ హామ్‌లో బయల్దేరి, హౌన్స్‌లోలో స్నేహితుణ్ణి దింపి, ఒంటిగంటకి వెనక్కొస్తే రెండు రోజుల కింద లెక్క, 25 పౌండ్లు. అదే కారుతో పగటిపూట నగరం మధ్యలోకి వెళ్తే రెండు రుసుములూ పడి 30.50 అవుతుంది. క్రిస్మస్ ఒక్కరోజే దీనికి సెలవు.

కారు తప్పదనుకునేవాళ్లు ఆటో పే పెట్టుకోండి. ఉచితమే. నెలకోసారి కార్డులోంచి వాళ్లే తీసుకుంటారు. కార్డు గడువు తీరిపోతే వెంటనే కొత్తది పెట్టాలి, లేకపోతే ఆటో పే ఆగిపోయి మళ్లీ కాగితాలు మొదలవుతాయి. డార్ట్‌ఫర్డ్ దగ్గర థేమ్స్ నది దాటే రుసుం దీనిలోకి రాదు, దానికి వేరే ఖాతా. హీత్రూలో టెర్మినల్ ముందు మనుషుల్ని దింపినందుకు కట్టేది కూడా వేరే, అక్కడా గేటుండదు. మనూరికి ఎవరైనా వెళ్తున్నారంటే సంబరంగా కారేసుకుని దింపడానికి వెళ్తాం, ఇంటికొచ్చాక ఆ సంగతి మర్చిపోతాం.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టే విషయం ఇంకోటి ఉంది. బండి ఎవరి పేరు మీద ఉంటే నోటీసు వాళ్లకే. నడిపింది ఎవరన్నది వాళ్లకి అనవసరం. నలుగురు కుర్రాళ్లు డబ్బులేసుకుని ఒక కారు కొంటారు, ఒకడి పేరు రాయిస్తారు. చదువైపోయాక తలో ఊరు వెళ్లిపోతారు, కాగితాలన్నీ ఆ ఒక్కడి మెడకి చుట్టుకుంటాయి. ఇక రూమ్ మారినప్పుడల్లా లాగ్ బుక్‌లో (మన ఆర్సీ లాంటిది) అడ్రసు మార్చాలి. మార్చకపోతే నోటీసు పాత ఇంటికి పోతుంది, అక్కడ కొత్తగా చేరినవాళ్లు మూల పడేస్తారు, 90తో పోయేది 270 దాకా పెరిగాక గానీ మీకు తెలియదు. అడ్రసు మార్చనందుకే వెయ్యి పౌండ్ల దాకా జరిమానా ఉండొచ్చు. తమ్ముళ్లూ, సామాను సర్దుకునే రోజే ఈ పని కూడా చేసేయండి. ఆన్‌లైన్‌లో అయిపోతుంది, డబ్బు కట్టక్కర్లేదు.

ఇంత పీడన ఎందుకు, కారు కొన్నప్పుడు పన్ను కట్టాం కదా అంటారు కొందరు. నేను ఒప్పుకోను. మడపాంలో కట్టేది రోడ్డు వేసినందుకు. ఇక్కడ కట్టేది, ఇరుకు రోడ్డు మీదకి మరో కారు తెచ్చి వెనకున్న అందర్నీ ఆలస్యం చేసినందుకు. కొలంబియా యూనివర్సిటీ ప్రొఫెసర్ విలియం విక్రీ 1950ల నుంచే ఈ మాట చెబుతూ వచ్చాడు. రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడూ కిక్కిరిసినప్పుడూ ఒకే ధర అయితే అందరూ ఒకేసారి ఎగబడతారన్నాడు. ఆయనకి 1996లో నోబెల్ వచ్చింది. ఈ ఆలోచనని ముందు అమలు చేసింది సింగపూర్. 1975లో రోజుకి 3 సింగపూర్ డాలర్ల స్టిక్కరుతో మొదలుపెట్టి, 1998లో ఎలక్ట్రానిక్ పద్ధతికి మారింది. లండన్‌లో మేయర్ కెన్ లివింగ్‌స్టన్ 2003 ఫిబ్రవరి 17న 5 పౌండ్లతో మొదలుపెట్టాడు. మొదటి ఏడాదిలోనే లోపలికొచ్చే బండ్లు 18 శాతం, ఆలస్యాలు దాదాపు 30 శాతం తగ్గాయి. తర్వాతి ఏళ్లలో రోడ్డు పనులూ, యాప్ ట్యాక్సీలూ పెరిగి రద్దీ మళ్లీ వచ్చిందన్నదీ నిజమే.

స్టాక్‌హోమ్ సంగతి నాకు ఇంకా నచ్చుతుంది. 2006లో ఏడు నెలలు ప్రయోగంగా వసూలు చేశారు. మొదట జనం చాలామంది వద్దన్నారు. ట్రాఫిక్ ఐదో వంతు తగ్గింది. జూలై ఆఖర్లో ఆపేయగానే మళ్లీ పెరిగింది. తేడా కళ్లారా చూసిన నగరవాసులు సెప్టెంబరులో ఓటేసి కావాలన్నారు, 2007 ఆగస్టు నుంచి అది శాశ్వతమైంది.

అమెరికా వెళ్లే మన పిల్లలకీ ఇది అక్కర. న్యూయార్క్‌లో 2025 జనవరి 5న మొదలైంది. మన్‌హటన్‌లో 60వ వీధికి దిగువనున్న వీధుల్లోకి వెళ్తే పగటిపూట కారుకి 9 డాలర్లు, మన ఫాస్టాగ్ లాంటి ఈ-జెడ్‌పాస్ లేకపోతే 13.50. న్యూజెర్సీలో రూమ్ ఉన్నవాళ్లకి రైలే మేలు.

ఒక్క విషయంలో మాత్రం నా మనసు ఒప్పుకోదు. 18 పౌండ్లు పెద్ద జీతగాడికి లెక్కే కాదు. ఆఫీసులు తుడవడానికి పగటిపూట పాత కారులో వెళ్లే మనిషికి అది గంటన్నర కూలి దగ్గరికొస్తుంది. అందుకే బస్సు ముందు ఉండాలి, రుసుం తర్వాత రావాలి. లండన్‌లో రుసుం మొదలైన రోజే 300 బస్సులు అదనంగా దింపారు. నేను సెలవులకి వచ్చినప్పుడల్లా శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలోనో, విజయనగరం గంటస్తంభం దగ్గరో ఇరుక్కుని 'ఇక్కడా పెడితే బాగుణ్ణు బావూ' అనే స్నేహితులుంటారు. పెట్టాలంటే ముందు ఊళ్లో పది నిమిషాలకో సిటీ బస్సు తిరగాలి కదా. బండి లేకుండా నడిచే దారి దొరికితే మనవాళ్లూ వదులుతారు. దసరా తర్వాత మంగళవారం విజయనగరం సిరిమానోత్సవానికి లక్షల మంది వస్తారు, బండ్లు దూరంగా ఆపేసి కోట దాకా నడిచే వెళ్తారు.

ఇక డబ్బు పంపాలా అన్నారు. మాస్టారూ, ఈ ఏడాదికి కారు కోసం పంపకండి. 2026 మొదట్లో బస్సు ఎక్కితే 1.75 పౌండ్లు, గంటలోపు ఎన్ని బస్సులు మారినా ఇంకేం కట్టక్కర్లేదు. రోజంతా తిరిగినా బస్సులకి 5.25 దాటేది కాదు. కాలేజీ ద్వారా స్టూడెంట్ ఆయిస్టర్ కార్డు తీసుకుంటే నెలవారీ పాసుల్లో 30 శాతం తగ్గింపు ఉంది. మన లైసెన్సు అక్కడ 12 నెలలే చెల్లుతుంది, కొత్త కుర్రాళ్లకి ఇన్సూరెన్సు కారు ధరని మించే సందర్భాలున్నాయి. డెలివరీ చేసి సంపాదించుకుంటాను అని గనక కారు అడుగుతుంటే గట్టిగా వద్దనండి. స్టూడెంట్ వీసా మీద సొంతంగా చేసే పని నిషేధం, యాప్ డెలివరీలు ఎక్కువగా ఆ కోవలోకే వస్తాయి. వీసాయే పోతుంది.

పాత కారు అమ్మేటప్పుడు అమ్మినట్టు ఆన్‌లైన్‌లో డీవీఎల్ఏకి (అక్కడి ఆర్టీఓ లాంటి సంస్థ) ఆ రోజే చెప్పి, వచ్చిన మెయిల్ దాచుకోమనండి. చెప్పకపోతే కొన్నవాడు తిరిగిన రోజుల కాగితాలు కూడా మీవాడికే వస్తాయి. రేపు ఉద్యోగం వచ్చి కారు కొనుక్కునే రోజున, డబ్బు చేతిలో పెట్టకముందే ట్రాన్స్‌పోర్ట్ ఫర్ లండన్ సైట్‌లో ఆ కారు నంబరు కొట్టి చూడమనండి. ఊలెజ్ పడుతుందో లేదో అక్కడే చెప్పేస్తుంది.