అల్లుడూ, గోడను ముందు ఆరనియ్యి

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

సంక్రాంతికి కొత్తపట్నం వచ్చినప్పుడు నువ్వు కట్టుకున్న కారు షెడ్డు చూశాను. ఆదివారాలూ సెలవు రోజులూ చూసుకుని, ఒక్కో వరస పేర్చి నిలబెట్టావు. నువ్వు లోపల భోజనం చేస్తుంటే నేను తూకం గుండు వదిలి చూశా. తొమ్మిదడుగుల ఎత్తులో పావు అంగుళం తేడా కూడా లేదు. నలభై ఏళ్లు తాపీ పట్టినవాడిని, చెప్తున్నా విను: మొదటిసారి గోడ లేపినవాడికి అది చాలా పెద్ద విషయం. ఆ రోజు అందరి మధ్యా చెప్పలేకపోయాను.

ఇక మొన్న నువ్వు ఫోనుకు పంపిన ఫొటోల సంగతి. ఇటుక మీద రీపర్లు, అంటే సన్న కర్ర పట్టీలు కొట్టి, గోడల నిండా పీవీసీ ప్యానెళ్లు బిగించేస్తే ప్లాస్టరింగ్ ఖర్చు మిగులుతుంది కదా అని అడిగావు. చూడ్డానికి బాగానే ఉన్నాయి. కానీ నీ షెడ్డుకి నేను వద్దంటాను, గోడ ఆరాక సిమెంటు పూతే మేలు. ఎందుకో ఫోన్లో చెప్తే సగం మర్చిపోతావని ఉత్తరం రాస్తున్నా. పనిలోకి దిగేటప్పుడు దగ్గర పెట్టుకో.

నీ గోడలో ఇప్పుడు నీళ్లున్నాయి. మన వైపు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. నువ్వు గోడలు లేపింది సరిగ్గా అప్పుడే, పైన రేకులు పడింది డిసెంబరు చివర. అంటే రెండు నెలలకు పైగా ఆ ఇటుకలు వాన తాగాయి. పైకి చేత్తో తడిమితే పొడిగానే తగులుతుంది. లోపల తడి అంత తొందరగా పోదు. దాని మీద ప్లాస్టిక్ కప్పేస్తే ఆ తడికి బయటికి దారి ఉండదు. ప్యానెల్ వెనకాల చీకట్లో, ఉక్కలో ఏం జరుగుతుందో నేను కళ్లారా చూశాను.

పాతికేళ్ల కిందట కావలిలో ఒక ఆసామికి స్కూటర్ షెడ్డు నేనే కట్టాను. గృహప్రవేశం ముహూర్తం దగ్గర పడిందని తొందరపెట్టారు. వానలు వెనకపట్టి నెల కూడా కాలేదు. రీపర్లు కొట్టి ప్లైవుడ్ బిగించి, వార్నిష్ వేసి అప్పగించాను. రెండో ఎండాకాలం ఆయన పిలిచి, గోడ లోపల ఏదో గరగరమంటోందని అన్నాడు. స్క్రూ తిప్పబోతే తల ఊడి చేతికి వచ్చింది, లోపలంతా తుప్పు. ప్లైవుడ్ లాగితే దాని వీపున తెల్లటి ఉప్పు సన్నటి వెంట్రుకల్లా మొలిచి ఉంది. రీపర్ల పొడవునా చెదల మట్టిదారులు. ఒక రీపరుని వేలితో నొక్కితే అప్పడంలా లోపలికి పోయింది. బయటికి మాత్రం వార్నిష్ మెరుస్తూనే ఉంది. ఆ పని మొత్తం నా డబ్బుతో తీసి మళ్లీ చేసిచ్చాను. పీవీసీకి చెద పట్టదు, నిజమే. దాన్ని మోసే కర్రకి పడుతుంది, బిగించే మేకుకి తుప్పు పడుతుంది. నీ ఇల్లు సముద్రానికి దగ్గర, గాలిలోనే ఉప్పుంది.

అందుకని ముందు ఒక పరీక్ష చెయ్యి, పైసా ఖర్చు లేదు. మూరెడు చదరం పలచటి ప్లాస్టిక్ కవరు తీసుకుని, నాలుగు అంచులకీ గాలి దూరకుండా టేపు వేసి గోడకి అంటించు. ఒక రోజంతా వదిలెయ్యి. తీసే ముందు కవరు లోపలి వైపు చూడు. మంచుబిందువుల్లా నీళ్లు పట్టి ఉంటే గోడ ఇంకా తడిదే. ప్రతి గోడకీ రెండు చోట్ల పెట్టు, ఒకటి కింద అడుగు ఎత్తులో, ఒకటి మనిషి ఎత్తులో. కింద తడి ఉండి పైన లేకపోతే నీళ్లు నేల నుంచి ఎక్కుతున్నట్టు. పునాది మీద డీపీసీ, అదే నేల చెమ్మ పైకి ఎక్కకుండా ఆపే పొర, వేశానన్నావు, మంచి పని చేశావు. కానీ తూర్పు వైపు బయట మట్టి గుట్టగా పోసి ఉంది చూశాను. డీపీసీ వరస కన్నా బయటి మట్టి అరడుగు కిందే ఉండాలి. ముందు ఆ మట్టి లాగించు. లేకపోతే నువ్వేసిన డీపీసీని తప్పించుకుని పక్కనుంచే చెమ్మ లోపలికి వస్తుంది.

షట్టరూ కిటికీ తెరిచిపెట్టి నెల రోజులు గాలి ఆడనివ్వు. ఈ మాఘ మాసపు గాలికి బాగా ఆరుతుంది. ఆలోపు చెయ్యాల్సిన పని ఉంది, కరెంటు పని. ప్లాస్టరింగ్ అయ్యాక గోడ చెక్కిస్తే అతుకులన్నీ పగుళ్లిస్తాయి. పైపులు నిలువుగా, అడ్డంగా తిన్నగా పోవాలి, ఐమూలగా వద్దు. రేపు మేకు కొట్టేటప్పుడు లోపల వైరు ఎక్కడుందో తెలియాలి. పైపులు పెట్టాక, పూత పూయకముందే నాలుగు గోడలూ ఫొటోలు తీసి దాచుకో. ప్లగ్గులు నాలుగడుగుల ఎత్తులో పెట్టించు. పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువు, కారితే నేలనే పరుచుకుంటుంది. ప్లగ్గులో చిన్న మెరుపు చాలు. బండి కడిగే నీళ్లు కూడా పైన చింద‌వు. రేపో మాపో ఎలక్ట్రిక్ స్కూటర్ కొంటావు కాబట్టి దానికి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల వైరు, విడిగా ఎంసీబీ (లోడు ఎక్కువైతే తనంతట తనే ఆగిపోయే స్విచ్చు), గట్టి ఎర్త్ పెట్టించు. షెడ్డు మొత్తానికీ 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ ఒకటి, కరెంటు లీకైతే సరఫరా ఆపేసేది. ఇది తడిచేత్తో మనుషులు తిరిగే చోటు, దీంట్లో బేరం ఆడొద్దు.

ఇక పూత. షట్టరూ కిటికీ పోను నీకు 430 చదరపు అడుగుల గోడ ఉంటుంది. ఐదు బస్తాల సిమెంటు, 30 ఘనపు అడుగుల ఇసుక తెచ్చుకుంటే సరిపోయి కొంచెం మిగులుతుంది. ఇసుక దగ్గరే అసలు జాగ్రత్త. ఇంటి ముందే ఉంది కదా అని సముద్రపు ఇసుకని ముట్టుకోవద్దు. అందులో ఉప్పు ఎన్ని కడుగులు కడిగినా పోయిందని నమ్మలేం. అది గోడ మీద ఏళ్ల తరబడి తెల్లగా పొంగుతూనే ఉంటుంది, పిల్లర్లలో ఇనుముకి తుప్పు పట్టిస్తుంది. ఏటి ఇసుకే కావాలి. పెన్న ఇసుక దొరికితే మరీ మంచిది. అదైనా గాజు గ్లాసులో సగం పోసి, నీళ్లు నింపి, బాగా కలిపి మూడు గంటలు కదపకుండా పెట్టు. ఇసుక కింద కూర్చుంటుంది, ఒండ్రు పైన పొరలా తేరుతుంది. ఆ ఒండ్రు ఇసుకలో 8 శాతం దాటితే లోడు వెనక్కి పంపు. నీళ్ల సంగతీ అంతే. నువ్వు నోట్లో పోసుకోలేని నీళ్లు మాలుకీ, అంటే సిమెంటు ఇసుక కలిపే ముద్దకీ, వద్దు. మీ బోరు నీళ్లు ఉప్పగా ఉంటే పని జరిగే రోజులు మంచినీళ్ల ట్యాంకరు తెప్పించు.

ఇటుక కీళ్లు వైరు బ్రష్షుతో గీకి, వదులుగా ఉన్న మాలు రాల్చెయ్యి. పిల్లరు నున్నగా ఉంటే పూత పట్టదు, ఉలితో దగ్గర దగ్గరగా గాట్లు పెట్టు. పిల్లరూ ఇటుకా కలిసే చోట కోడి జాలీ (కోళ్ల గూటికి వాడే సన్న ఇనుప వల) కొట్టు, అటు ఆరంగుళాలు ఇటు ఆరంగుళాలు. ఎండకి కాంక్రీటు ఒకలా సాగుతుంది, ఇటుక ఒకలా సాగుతుంది. జాలీ లేకపోతే మొదటి రోహిణి కార్తెకే అక్కడ నిలువునా నెర్రె పడుతుంది.

పూత రేపనగా ఈ సాయంత్రం గోడ తడుపు. ఆరబెట్టమని చెప్పి మళ్లీ తడపమంటాడేంటి అనుకోకు. వాన నీళ్లు లోతుగా దిగి ఉంటాయి, అవి పోవాలి. ఇప్పుడు తడిపేది పైపొర మాత్రమే. ఎండిన ఇటుక మాలులో నీళ్లు పీల్చేస్తే సిమెంటు గట్టిపడదు, పొడిపొడిగా రాలుతుంది. సిమెంటు ఒకటికి ఇసుక ఐదు పాళ్లు కలుపు. ముందు పొడిగా, మొత్తం ఒకే రంగు వచ్చేదాకా తిరగెయ్యి, తర్వాతే నీళ్లు. అరగంటలో వాడేంతే కలుపుకో. బిగుసుకున్న మాలులో మళ్లీ నీళ్లు పోసి మెత్తబరచడం మన పనివాళ్లందరికీ ఉన్న అలవాటు, నీకు వద్దు. మందం 12 మిల్లీమీటర్లు చాలు. ఎక్కడైనా గోడ లోపలికి పోయి 20 దాటాల్సి వస్తే రెండు చేతులుగా, అంటే రెండు పొరలుగా వెయ్యి, మొదటి చెయ్యి మీద గీతలు గీసి ఆరాక రెండోది. పైనుంచి కిందకి రా. నున్నగా రావాలని చివర్లో పొడి సిమెంటు చల్లొద్దు. ఆ రోజు అద్దంలా ఉంటుంది, నెల తిరిగేసరికి సాలెగూడులా సన్న పగుళ్లు తేలతాయి. స్పాంజి ఫినిషింగ్ చాలు.

మర్నాటి నుంచి తడపడం. ఏడు రోజులు తప్పనిసరి, మీకు గాలి ఎక్కువ కాబట్టి పది రోజులు తడుపు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం. తూర్పు గోడకి గోనె పట్టాలు వేలాడదీసి వాటిని తడుపు. పది రోజులయ్యాక రూపాయి బిళ్లతో గోడంతా కొట్టుకుంటూ పో. ఖంగుమంటే పూత పట్టింది. డొల్లగా మోగితే అక్కడ చాక్‌పీసుతో గుండ్రంగా గీసి, ఆ మేర చదరంగా కోసి తీసి మళ్లీ పెట్టు. రంగు వేశాక ఊడితే అతుకు కనిపిస్తుంది.

కింద మూడడుగులు గ్రానైట్ వేద్దామన్నావు. చీమకుర్తి మీకు దగ్గరే, కటింగ్‌లో మిగిలిన ముక్కలు చవగ్గా దొరుకుతాయి. బంపరు తగిలినా, నూనె చిందినా తుడిస్తే పోతుంది. కానీ ఇందాకటి కవరు పరీక్షలో కింద చెమ్మ కనిపిస్తే మాత్రం గ్రానైట్ వేయొద్దు. రాయి వెనక దారి దొరక్క చెమ్మ పైకెక్కి, సరిగ్గా రాయి అంచు పైన పూతని పెచ్చులుగా ఊడగొడుతుంది. మట్టి తీశాక మళ్లీ పరీక్ష చెయ్యి. పొడిగా ఉంటేనే రాయి.

పుట్టీ వద్దు. షెడ్డుకి ఎందుకది? స్పానరు తగిలిన చోటల్లా పెచ్చు లేస్తుంది. పూత నెల రోజులు ఆరాక సున్నం రెండు చేతులు వెయ్యి, చొక్కాకి అంటకుండా జిగురు కలుపు. సున్నం గోడని ఊపిరి పీల్చుకోనిస్తుంది, బూజు పట్టనివ్వదు, చీకటి షెడ్డుకి వెలుగు ఇస్తుంది. నా ఇంటి వెనక షెడ్డుకి ఇప్పటికీ సున్నమే. మరీ కంపెనీ రంగే కావాలంటే ప్రైమరు కొట్టి, బయటి గోడలకి వేసే ఎమల్షన్ వెయ్యి. రేకుల కింద వేడికి థర్మోకోల్ అంటించమని ఎవరైనా చెప్తే వినకు, బండి ఛార్జింగ్ పెట్టే చోట అది మంటకి మేత.

నువ్వు పంపిన ఫొటోల్లో ఇంకొకటి చూసి నా గుండె ఆగినంత పనైంది. వాళ్లెవరో పైన గాలికి వదిలిన జాలీ కన్నాలు కూడా ప్యానెళ్లతో మూసేశారు. దుమ్ము వస్తుందని మీ ఆవిడ కూడా మూయమంటోందని అన్నావు. అమ్మాయికి నా మాటగా చెప్పు, దోమల జాలీ బిగించండి, మూయొద్దు. పైన ఉన్నవి కాక ఎదురు గోడకి కింద కూడా రెండు కన్నాలు పెట్టు, గాలి అడ్డంగా ఆడాలి. ఇంజన్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి రంగు లేదు, వాసన లేదు. షట్టరు దించి ఇంజన్ ఆన్ చేసి ఒక్క నిమిషం కూడా ఉండొద్దు. పిల్లవాడు కారులో కూర్చుని ఆడుకుంటాడు, వాడి చేతికి తాళం చిక్కనివ్వకు.

సిమెంటు ఇప్పుడే కొని పెట్టుకోకు, ఆ ఉప్పు గాలికి బస్తాలు గడ్డకడతాయి. ముందు మట్టి తీయించు, కవర్లు అంటించు. ఏ గోడకి నీళ్లు పట్టాయో, ఏ ఎత్తులో పట్టాయో ఫొటోలు తీసి పంపు. శివరాత్రి వెళ్లాక నా తాపీ, బద్ద తీసుకుని బస్సెక్కుతాను. మొదటి గోడ ఇద్దరం కలిసి పూద్దాం, మిగతావి నువ్వు పూస్తుంటే నేను కుర్చీ వేసుకుని చూస్తా. అమ్మని మోకాళ్లకి నూనె మానొద్దన్నానని చెప్పు.

మామయ్య
కావలి