రీఫర్ కంటైనర్‌లో పెడితే సరుకు అదే గడ్డకడుతుందా?

ప్రశ్న: ఓడలో ఫ్రోజెన్ చేపలు పంపాలనుకుంటున్నాం అండీ. సరుకు కాస్త మెత్తబడినా రీఫర్ కంటైనర్‌లో (చల్లబరిచే మెషీన్ ఉన్న కంటైనర్) మైనస్ 18 డిగ్రీలు సెట్ చేస్తే దారిలో గట్టిపడిపోతుంది కదా?

జవాబు: గట్టిపడదండీ, దయచేసి అలా మాత్రం పంపొద్దు. రీఫర్ మెషీన్ ఉన్న చల్లదనాన్ని కాపాడటానికే గానీ మెత్తబడినదాన్ని గడ్డకట్టించడానికి కాదు, అంత పవర్ దానికి ఉండదు, అందుకే లోడింగ్‌కి ముందే ఒక బాక్స్ తెరిచి చేప మధ్యలోకి ప్రోబ్ థర్మామీటర్ గుచ్చి లోపలిదాకా మైనస్ 18 ఉందో లేదో చూడండి, రూమ్ టెంపరేచర్ చూసి సరిపెట్టుకోవద్దు. ఇంకోటి, చల్లగాలి కింద ఫ్లోర్ సందుల్లోంచి వచ్చి పైకెళ్ళి మళ్ళీ మెషీన్‌లోకి పోతుంది, లోపల గోడ మీద ఎర్ర గీత ఉంటుంది చూడండి, అది దాటి బాక్సులు పేర్చారంటే గాలి తిరగదు, సరుకు పాడవుతుంది. ఖాళీ కంటైనర్‌ని ముందే చల్లబరిచి వేడిలో తలుపులు తీస్తే లోపలంతా చెమ్మ పడుతుంది, లోడింగ్ అప్పుడు మెషీన్ ఆఫ్‌లోనే ఉంచండి. ఫ్రోజెన్‌కి వెంట్ (బయటి గాలి లోపలికి వచ్చే సందు) మూసెయ్యాలి (తాజా పళ్ళు ఊపిరి పీల్చుకుంటూ ఉంటాయి కాబట్టి వాటికి మాత్రం సాధారణంగా తెరుస్తారు). బుకింగ్‌లో ఆ మైనస్ గుర్తు పడిందో లేదో మీరే ఒకసారి చూసుకోండి, ప్లస్ 18 అని పడితే సరుకు మొత్తం పోయినట్టే.