గంగ ఒడ్డుకు పోతున్న బిడ్డకు

బిడ్డా స్రవంతీ,

డాల్ఫిన్ల పని మీద బీహార్‌లోని భాగల్పూర్ పోతున్నావని మీ బాపు ఫోన్ చేసి చెప్పిన కాడినుంచి నాకు నిద్ర సరిగా పట్టడం లేదు. మంగపేట రేవులో నలభై ఏళ్లు వల లాగిన ఇంటి ఆడపిల్ల నీళ్లలో జీవాలను కాపాడడానికి పోతోందంటే ఎంత సంబరమైందో, అంత గుబులైంది. నువ్వు ఈత నేర్చింది మన చేను బావిలో, నడుముకు బెండు కట్టుకుని. బావి నీళ్లు నిలబడి ఉంటాయి, గంగ నీళ్లు నిలబడవు. లైఫ్ జాకెట్ లేకుండా పడవలో కాలు పెట్టొద్దు. హిందీ మాట్లాడడం నేర్చుకో. వేళకు తిను. ఇవి మీ అమ్మ ఎట్లాగూ చెప్తుంది.

నేను చెప్పాల్సింది వేరే ఉంది. ఇన్నేళ్లు ఎవరికీ చెప్పలేదు.

నాకప్పుడు ముప్పై ఏళ్లు. మా నాయిన నూలు వలలు వాడేవాడు, అవి నానితే చివికిపోయేవి, పెద్ద జీవం పడితే తెంచుకుని పోయేది. నేను అప్పు చేసి తంగూసు వల, అదే నైలాన్ దారం వల, కొన్నాను. మేడారం జాతర వచ్చింది. ఊరంతా బండ్లు కడుతుంటే, పోయే ముందు మడుగుకు అడ్డంగా వల వేసి, రాగానే తీద్దామని వెళ్లిపోయాను. వల వేసినోడు ఒడ్డు విడవొద్దని మా నాయిన చిన్నప్పటి నుంచి చెప్పేవాడు. రెండు రాత్రుల తర్వాత తిరిగొచ్చి, ప్రసాదం బెల్లం మూట భుజాన ఉండగానే రేవుకు పోయి లాగితే, వల బరువుగా వచ్చింది. పెద్ద వాలుగ పడిందనుకున్నాను. నీటికుక్క, బిడ్డా. మెడకు మూడు చుట్లు, ముందుకాళ్లకు రెండు చుట్లు. వేళ్ల మధ్య పలుచని తోలు ఉంటుంది చూడు, ఆ వేళ్లతో వల కన్నును పట్టుకునే ఉంది, చంటిపిల్ల కొంగు పట్టుకున్నట్టు. పళ్ల మధ్య తంగూసు దారం ఇరుక్కుని ఉంది. కొరికింది, తెగలేదు. అది చేప కాదు కదా, ఊపిరి కోసం పైకి రావాలి. పైకి జానెడు దూరంలో మునిగి చచ్చింది. ఇసుకలో పాతిపెట్టి, మిగిలిన చేపలు సంతలో అమ్ముకుని ఇంటికొచ్చాను. ఆ రోజు అన్నం ముద్ద లోపలికి దిగలేదు.

నీ పని గురించి మనవడితో ఫోన్లో చదివించుకుంటుంటే మళ్లీ ఆ వేళ్లే కళ్ల ముందుకొచ్చాయి. గంగలో ఉండే డాల్ఫిన్‌కు కళ్లు దాదాపు కనబడవట, చప్పుడు చేసి ఆ ప్రతిధ్వనితోనే దారి చూసుకుంటుందట. సన్నని తంగూసు దారం ఆ చప్పుడుకు సరిగా దొరకదు. నిమిషానికో, రెండు నిమిషాలకో పైకి వచ్చి గాలి పీల్చాలి. రెండు మూడేళ్లకు ఒక్క పిల్లే పుడుతుంది. సుల్తాన్‌గంజ్ నుంచి కహల్‌గావ్ దాకా అరవై కిలోమీటర్ల మేర 1991లోనే అభయారణ్యం చేశారు, 2009లో జాతీయ జలచరం అన్నారు, అయినా 2025లో బయటపెట్టిన లెక్క ప్రకారం గంగ, బ్రహ్మపుత్ర, బియాస్ అన్నీ కలిపి 6,327. మన మంగపేట మండలంలోనే అంతకంటే ఎక్కువ మంది జనం ఉన్నాం! చైనాలో యాంగ్‌ట్సీ నదిలో ఇట్లాంటి డాల్ఫినే ఉండేది, 2006లో నదంతా వెతికితే ఒక్కటీ కనబడలేదు. అది విన్నాక ఫోన్ పక్కన పెట్టేయమన్నాను.

అయితే ఒకటి గుర్తుపెట్టుకో. అక్కడ వల వేసేవాడిని దొంగను చూసినట్టు చూడొద్దు. నీకు కోపం ముక్కు మీదే ఉంటుంది, నాకు తెలుసు, పదో తరగతిలో మీ సారుతోనే కొట్లాడినదానివి. డాల్ఫిన్ వలలో చచ్చిందని కేసు పెడతావని తెలిస్తే వాడు చెప్పడు, నాలాగే ఇసుకలో పాతేస్తాడు. ముందు వాడి గుడిసె ముందు కూర్చుని చాయ్ తాగు. వల ఎక్కడ కట్టాడో, ఎంతసేపు వదిలేశాడో అడుగు. దగ్గర కూర్చుని కాపు కాస్తే, చిక్కిన జీవాన్ని ప్రాణంతో విడిపించవచ్చు. చిరిగిన వల నీళ్లలో పారేయకుండా ఒడ్డుకు తెప్పించు, అది ఎవరూ లేకపోయినా చంపుతూనే ఉంటుంది. చేపలను రప్పించడానికి డాల్ఫిన్ నూనె వాడేవాళ్లుంటారు, వాళ్లకు చేపల పేగులు, తలల నుంచి తీసిన నూనె కూడా పని చేస్తుందని చూపించు. పాట్నాలో ప్రొఫెసర్ ఆర్.కె. సిన్హా ఏళ్ల కిందటే అది పరీక్షించి చెప్పాడు. కూడు పోతుందంటే ఎవరూ వినరు. కూడు పోకుండా ఎట్లాగో చెబితే వింటారు.

నా భయం ఇంకొకటి ఉంది. జీవం చిక్కిందని చూడగానే నువ్వు ముందు వెనక చూడకుండా నీళ్లలోకి దూకుతావు. తంగూసు మనిషి కాలుకు చుట్టుకున్నా వదలదు. మా తోటివాడొకడు అట్లాగే పోయాడు, మోకాలి లోతు దాటని చోట కాలు జారి. వల చివర ఒడ్డు నుంచో పడవ నుంచో పట్టుకుని, కోస్తూ రావాలి. నువ్వు దిగొద్దు.

నీ రైలు ఏ రోజో చెప్పు, కాజీపేట స్టేషన్‌కు నేనూ వస్తాను. అరచేయి అంత కత్తి ఒకటి పదును పెట్టించి, తోలు ఒర కుట్టించి పెట్టాను. అది సంచిలో వేయకు, పడవలో ఉన్నంతసేపు నడుముకే ఉండాలి.

మీ పెద్దబాపు